ఒక్క అబద్ధమూ ఆడని దిగ్గజం

మేడ్చల్ రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఇస్సాకు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. ఎర్రకోట్లు ఆరేసిన ఇల్లు అంటారు. భుజాల మీద జరీ కుచ్చులు, ఛాతీ మీద ఇత్తడి గుండీలు ఉన్న ఆ కోట్లు ఒకప్పుడు పద్దెనిమిది ఉండేవి. ఇప్పుడు నాలుగు. వాటిని ఉతికేది, ఆరేసేది, ఇస్త్రీ పెట్టేది ఆయన భార్య ఎలీషమ్మ. ఆమె ఇస్త్రీ పెడుతుంటే ఆయన గడప మీద కూర్చుని క్లారినెట్ తుడుస్తూ వచ్చేపోయేవాళ్ళకు పేర్లు పెడుతుంటాడు. నేనూ ఆ వీధిలోనే పుట్టి పెరిగి, అక్కడి బడిలోనే టీచరునయ్యాను. నాకు ఆయన పెట్టిన పేరు మాత్రం ఇక్కడ రాయను.

ఇస్సాకుకు అరవై ఆరేళ్ళు. పన్నెండో ఏట బ్యాండులో చేరాడు. వాళ్ళ నాయిన అదే బ్యాండులో పెద్ద డ్రమ్ము మోసేవాడు. కొడుకు స్వరం తప్పితే డ్రమ్ము కర్ర ముందు కొడుకు నెత్తి మీద పడేది, తర్వాత డ్రమ్ము మీద. ఆ దెబ్బలకు ఆయనకు సంగీతం ఎంత వచ్చిందో తెలియదుగానీ, తప్పించుకునే చురుకు మాత్రం బాగా వచ్చింది.

ఆ చురుకుతోనే ఆయన జీవితమంతా ఒక కొంటెపని చేశాడు. పెళ్ళివారు బ్యాండువాళ్ళను సరిగ్గా చూసుకోకపోతే, అంటే అందరూ తిన్నాక అడుగు బొడుగు వడ్డిస్తేనో, పందిట్లో కాకుండా గోడవతల కూర్చోబెడితేనో, ఇస్సాకు వాళ్ళను ఒక్క మాట అనేవాడు కాదు. పెళ్ళికొడుకును గుర్రం మీద ఊరేగించే బరాత్‌లో ఊపు మీద ఉన్నప్పుడు, సమాధుల తోటలో పాడే కీర్తన ఒకటి ఎత్తుకుని గుర్రం పరుగులా వాయించేవాడు. మనిషిని మట్టిలో దించేటప్పుడు పాడే పాట అది. దానికి పెళ్ళికొడుకు బావమరుదులు చొక్కాలు విప్పి ఎగిరేవాళ్ళు. మళ్ళీ వాయించమనేవాళ్ళు. ఆయన మళ్ళీ వాయించేవాడు.

నలభై ఏళ్ళలో దీన్ని బరాత్‌లోనే పట్టుకున్నది ఒకే ఒక్కడు, వాళ్ళ చర్చి పాస్టరుగారు. ఎవరిదో పెళ్ళికి అతిథిగా వెళ్ళి, బరాత్ పక్కన నడుస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయాడట. ఆదివారం ఇస్సాకును వెనక గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఏదో తప్పుకు గట్టిగా మందలించాడనే అందరూ అనుకున్నారు. తలుపు దగ్గర ఊడుస్తున్న ఎలీషమ్మకు మాత్రం లోపలి నుంచి నవ్వు వినిపించింది. అది ఆమె భర్త నవ్వు కాదు.

ఈ కొంటెపని నా పెళ్ళిలోనూ జరిగింది. నాకు తెలిసింది నాలుగేళ్ళ తర్వాత. మా హెడ్మాస్టరుగారి తల్లిని సమాధి చేస్తున్నప్పుడు అందరూ మెల్లగా ఒక కీర్తన పాడుతున్నారు. నా కాళ్ళు మాత్రం ఊగబోతున్నాయి. ఎందుకో అర్థం కాలేదు. ఇంటికొచ్చే దారిలో అర్థమై, నేరుగా ఎర్రకోట్ల ఇంటికి వెళ్ళి, ఎలీషమ్మ వినకుండా నిలదీశాను. ఇస్సాకు తల వంచుకున్నాడు.

“మీ మేనమామ మమ్మల్ని రెండు గంటలు మెట్ల మీద కూసోవెట్టిండు బిడ్డా. నీ మీదనైతే కోపం లేకుండె. అందుకే ఒక్క చరణంతోటి ఇడిసిపెట్టిన” అన్నాడు.

కాలం మారి బరాత్‌లకు డీజే బండ్లు వచ్చాయి. పద్దెనిమిది మంది బ్యాండు నలుగురికి వచ్చింది. మిగిలిన నలుగురూ ఇప్పుడు కొంపల్లి నుంచి శామీర్‌పేట దాకా ఉన్న ఫంక్షన్ హాళ్ళ గేట్ల దగ్గర నిలబడి, కార్లు దిగేవాళ్ళకు స్వాగతం వాయిస్తారు. గేటు దగ్గర బ్యాండు చూడటానికి బాగుంటుందట. వినడానికి ఎవరూ ఆగరు.

ఆ గేటు పనులు ఇప్పించేది హరీష్. శామీర్‌పేట దగ్గర వాళ్ళ భూముల్లోనే పెద్ద పెద్ద విల్లాలు లేచాయి. తండ్రి మల్లేశం ప్లాట్లూ రాజకీయమూ చూసుకుంటాడు, కొడుకు ఫంక్షన్లు చేయిస్తాడు. పోయిన శీతాకాలం ఒక శుక్రవారం పొద్దున హరీష్ కారు మా వీధిలో ఆగింది. మనిషి పరేషాన్‌గా ఉన్నాడు. గడప మీద ఇస్సాకు పక్కనే కూలబడ్డాడు. నేను ఎదురింటి వాకిట్లో బట్టలు ఆరేస్తూ అంతా విన్నాను. ఆరేయాల్సిన బట్టలు అయిపోయినా విన్నాను.

విషయమేమిటంటే, ఆ విల్లాల క్లబ్ హౌస్‌లో మర్నాడు సాయంత్రం జాజ్ దిగ్గజాలకు నివాళిగా కచేరి ఉంది. పెట్టిస్తున్నది హేమచంద్ గారు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఇంట్లో ఒక గది నిండా జాజ్ రికార్డులున్నాయి. బెంగళూరు నుంచి నలుగురు కుర్రవాళ్ళ బృందాన్ని పిలిపించాడు. అంతటితో ఆగక, పాత రోజుల్లో సికింద్రాబాద్ క్లబ్బుల్లో జాజ్ వాయించిన ఒక పెద్దాయన యాప్రాల్‌లో ఇంకా ఉన్నాడని ఎవరో చెబితే పొంగిపోయి, ఆయనకు శాలువా కప్పాలనుకున్నాడు. పేరు జాషువా. మిలిటరీ బ్యాండులో పనిచేసి రిటైరయ్యాడు. ఆహ్వానపత్రాల మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో వేయించారు. ఆయనను ఒప్పించే పని హరీష్‌ది.

హరీష్ ఫోన్ చేశాడు. నివాళి కార్యక్రమం, మీరే ముఖ్యం అన్నాడు.  అవతలివైపు నుంచి “నివాళి సచ్చినోళ్లకిస్తరు బాబూ, నేనింక సావలే” అని వినిపించి ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. ఇది జరిగి పదిరోజులైంది. హేమచంద్ గారికి మాత్రం హరీష్ రోజూ “వస్తున్నడు సార్” అనే చెబుతూ వచ్చాడు.

“ఆయన మొకం ఎవ్వలికీ తెల్వదు ఇస్సాక్ కాకా. ఫోటో గూడ దొరకలే. నువ్వు నేను తెచ్చే నల్లకోటు, టోపీ ఏసుకొని గంటసేపు కూసుంటే సాలు. శాలువా కప్పుతరు, చప్పట్లు కొడ్తరు, వస్తవ్” అన్నాడు హరీష్.

ఇస్సాకు క్లారినెట్ పక్కన పెట్టాడు. జాజ్ అంటే ఏమిటని అడిగాడు. హరీష్‌కూ తెలియదు. నల్లవాళ్ళ బ్యాండు, అమెరికాలో, మస్తు పాతది అని చెప్పాడు. లోపలి నుంచి ఎలీషమ్మ ఇస్త్రీపెట్టె పట్టుకునే బయటికి వచ్చింది. ఇంకొకరి పేరుతో పోయి కూర్చోవడం అబద్ధమని, దేవుని ఎదుట పాపమని ఖండితంగా చెప్పేసింది.

“నేను అబద్ధమాడనే. ఒక్కటి గూడ ఆడ. పేరు వాళ్లు చెప్పుకుంటరు, నేను చెప్ప. అడిగినదానికి నిజమే చెప్త. సాలా?” అన్నాడు ఇస్సాకు.

ఎలీషమ్మ ఆలోచించింది. ఆమెకు అది మరీ కొత్తరకం నిజంలా అనిపించిందిగానీ, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపలేకపోయింది.

ఇస్సాకు హరీష్‌కు రెండు షరతులు పెట్టాడు. ఎలీషమ్మ ముందు వరుసలో కూర్చోవాలి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఆమెకు తెలియదు కనుక తోడుగా ఎదురింటి టీచరమ్మ ఉండాలి. ఇది మొదటిది. రెండోది, గేటు దగ్గర వాయించే తన ముగ్గురు మనుషులకు అందరికంటే ముందు, టేబుల్ మీద, పింగాణీ పళ్ళెంలో భోజనం. “ముందు అంటే ముందే పటేలా. అతిథులు తినక ముందు” అన్నాడు. హరీష్ రెండింటికీ తల ఊపాడు. ఆ రోజు ఏమడిగినా ఊపేవాడు.

శనివారం ఐదున్నరకు మేము వెళ్ళేసరికి చెరువు మీద ఇంకా వెలుగుంది. హరీష్ తెచ్చిన నల్లకోటు ఇస్సాకుకు సరిగ్గానే ఉంది, టోపీ మాత్రం చెవుల దాకా దిగింది. ఎలీషమ్మ చర్చి కరపత్రాలు మడిచి లోపల పెట్టి దాన్ని నిలబెట్టింది. క్లబ్ హౌస్ ముందు కట్టిన ఫ్లెక్సీలో దిగ్గజాల బొమ్మలు చిన్నగా, మల్లేశం బొమ్మ నిలువెత్తుగా ఉన్నాయి. జాషువా పేరు పక్కన ఫోటో లేక ఒక నల్లని నీడబొమ్మ వేయించారు. ఇస్సాకు దాని ముందు నిలబడి, నా కంటే మంచిగున్నడు అన్నాడు.

లోపల వేదిక మీద ముగ్గురి పటాలు: లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, డ్యూక్ ఎల్లింగ్టన్, బిల్లీ హాలిడే. ముగ్గురికీ బంతిపూల దండలు. మల్లేశం దీపం వెలిగించాడు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. దండలున్న పటాలను చూసి గొంతు సవరించుకుని, వీళ్ళు ముగ్గురూ ఇంత త్వరగా మనల్ని విడిచిపోవడం చాలా బాధగా ఉందని, ఆ కుటుంబాలకు తన కుటుంబం ఎప్పుడూ అండగా ఉంటుందని చెప్పి, రెండు నిమిషాల మౌనం పాటించమన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. బెంగళూరు నుంచి వచ్చిన డ్రమ్ముల అమ్మాయి తల బాగా కిందికి వంచుకుంది. ఆమె భుజాలు ఎందుకు కదులుతున్నాయో నాకు తెలుసు.

తర్వాత ఆ కుర్రవాళ్ళు వాయించారు. నాకు జాజ్ తెలియదు. ఒకడు ఒక దారి పట్టి పోతుంటే మిగతావాళ్ళు వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి, దొరికినట్టే దొరికి మళ్ళీ తప్పిపోయినట్టుగా ఉంది. ఇస్సాకు మొదట టోపీ సర్దుకుంటూ కూర్చున్నాడు. రెండో పాటకు టోపీ సంగతి మరిచిపోయాడు. మూడో పాటకు ఆయన వేళ్ళు మోకాలి మీద, లేని క్లారినెట్ రంధ్రాలను మూసి తెరుస్తున్నాయి.

శాలువా కప్పడం అయ్యాక హేమచంద్ గారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, మైకులో ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇది హరీష్ చెప్పిన దాంట్లో లేదు. గోడ దగ్గర హరీష్ మొహం చూసి నాకు జాలేసింది.

మీ గురువు ఎవరని అడిగాడు హేమచంద్ గారు. మా నాయిన, డ్రమ్ము కర్రతో నేర్పాడు అన్నాడు ఇస్సాకు. ముందు లయ, తర్వాతే స్వరం అన్నమాట అని హేమచంద్ గారు సభవైపు తిరిగి మురిసిపోయాడు. ఎక్కడెక్కడ వాయించారంటే, ఎక్కువ భాగం రోడ్ల మీదే అన్నాడు. ఊరూరా తిరిగే కళాకారుడి జీవితం అదే కదా అన్నాడు ఈయన. శ్రోతలు ఎలాంటివాళ్ళంటే, సగం మంది తాగి ఉండేవాళ్ళు, ఒక గుర్రం ఉండేది అన్నాడు. జనం నవ్వారు. పెద్దాయనకు ఎంత చమత్కారమో అని నా వెనక ఎవరో అన్నారు.

“మీరు వాయించేది ఎప్పుడైనా రికార్డు అయిందా?” అని అడిగాడు హేమచంద్ గారు.

“ఒక్కసారి అయ్యింది సార్. పోలీస్ స్టేషన్‌ల. బరాత్ రోడ్డుకు అడ్డమొచ్చిందని రాసుకున్నరు.”

హాలంతా చప్పట్లు కొట్టింది. ఎలీషమ్మ నా మోచెయ్యి గిల్లి, ఇది నిజమే కదా అని అడిగింది. నిజమే. ఆ రోజు ఆమే వెళ్ళి విడిపించుకొచ్చింది.

అప్పుడు మూడో వరుసలో ఒక ముసలాయన లేచాడు. సన్నగా, కర్రలా నిటారుగా ఉన్నాడు. నీలం కోటు. ఆయన వచ్చినప్పుడే ఎలీషమ్మ ఆయన బూట్లు చూసి, గంత మెరుపంటే మిలిట్రీ అని నాతో అంది. ఆయన మైకు అడగలేదు. గొంతే చాలు.

“జాషువా గారూ, యాప్రాల్‌ల మీ ఇల్లు ఏడనో జర చెప్తరా?”

ఇస్సాకు ఆయనను చూశాడు. బూట్లు చూశాడు. ఆ చూపులోనే ఆయనకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది, ఎందుకంటే అదే క్షణంలో నాకూ తెలిసింది. హరీష్‌కు నాకంటే ముందే తెలిసినట్టుంది, గోడ దగ్గర లేడు.

“యాప్రాల్‌ల నాకు ఇల్లు లేదు సార్” అన్నాడు ఇస్సాకు.

“నాకున్నది” అన్నాడు ముసలాయన.

హేమచంద్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, ఏదో పాత స్నేహితుల వేళాకోళం అనుకుని చిరునవ్వు నవ్వాడు. అసలు జాషువా ఇంకొక్క మాట అని ఉంటే ఆ సాయంత్రం అక్కడితో ముగిసేది. ఆయన అనలేదు. చేతులు కట్టుకుని, “సరే. ఒక్కటి వాయించున్రి. ఇంటం” అని కూర్చున్నాడు.

బ్యాండు మనుషుల దగ్గర వదిలొచ్చిన ఇస్సాకు క్లారినెట్ కోసం మనిషిని పంపారు. అది గేటు దగ్గర లేదు, భోజనాల టేబుల్ మీద ఉంది. షరతు ప్రకారం బ్యాండు ముగ్గురూ అతిథుల కంటే ముందు కూర్చుని తింటున్నారు. డ్రమ్ము సత్తయ్య ఎడమచేత్తో క్లారినెట్ పట్టుకుని, కుడిచెయ్యి కూరతో ఉండగానే హాల్లోకి వచ్చి ఇచ్చాడు. ఇచ్చి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

ఇస్సాకు టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు. ఏం వాయించాలో ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. భయమేసినప్పుడు మనిషి బాగా తెలిసిన దారినే పట్టుకుంటాడు కాబోలు. సమాధి కీర్తన ఎత్తుకున్నాడు, గుర్రం పరుగులో. నలభై ఏళ్ళుగా నడుస్తూ వాయించిన మనిషికి ఒకచోట నిలబడటం రాదు. వేదిక దిగి కుర్చీల మధ్యకు నడిచొచ్చాడు. డ్రమ్ముల అమ్మాయి నాలుగు అడుగులు విని లయ అందుకుంది. పియానో కుర్రాడు వెనకే వచ్చాడు. సత్తయ్య చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని బయటికి పరుగెత్తి తన పెద్ద డ్రమ్ము తెచ్చుకున్నాడు.

నేను వెనక్కి తిరిగి జాషువాను చూస్తున్నాను. మొదటి రెండు పాదాలకు ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మూడో పాదానికి విడిపోయాయి. జేబులోంచి రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. పాత రోజులు గుర్తొచ్చి ఏడుస్తున్నాడు పాపం అని పక్కనావిడ నీళ్ళ సీసా అందించింది. ఆయన ఆ నీళ్ళు తాగలేకపోయాడు, పొరబోయింది.

తర్వాత లేచి నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళి, సాక్సోఫోన్ కుర్రాడి ముందు చెయ్యి చాచాడు. ఆ కుర్రాడు ఆ బూట్లను చూశాడో ఆ కళ్ళను చూశాడో, మౌత్‌పీస్ తుడిచి ఇచ్చేశాడు. జాషువా అదే కీర్తనను సమాధి దగ్గర పాడినట్టే వాయించాడు. నెమ్మదిగా, కింది స్వరంలో. ఇస్సాకు నడక ఆగింది. పరుగెత్తే పాట వచ్చి నడిచే పాటలో కలిసింది.  నా పక్కన ఎలీషమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“గిది సమాధి పాట గదా. ఇన్నేండ్ల సంది నాకు తెల్వకపాయె” అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నవ్వువో కావో చెప్పలేను.

ఆఖరి చరణానికి ఇస్సాకు మళ్ళీ గుర్రాన్ని వదిలాడు. ఈసారి జాషువా కూడా దానితోపాటు పరుగెత్తాడు. ఆయన బూటు నేలను తన్నుతుంటే సత్తయ్య డ్రమ్ము దానికి బదులు చెప్పింది. ఎవరో పిల్లలు లేచి ఎగరడం మొదలుపెట్టారు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు.

పాట ఆగగానే హేమచంద్ గారు మైకు లాక్కున్నాడు.  జాజ్ పుట్టిన న్యూ ఓర్లియన్స్ ఊళ్ళో ఎవరైనా పోతే బ్యాండువాళ్ళు శ్మశానం దాకా కీర్తన మెల్లగా వాయిస్తూ వెళ్తారని, తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారని, వీధివీధంతా వెంట ఎగురుతుందని చెప్పాడు. ఇది వంద ఏళ్ళ పైబడిన సంప్రదాయమని, ఈ రోజు శామీర్‌పేటలో దాన్ని చెవులారా విన్నానని అన్నాడు.

ఆ సాయంత్రం మొత్తంలో ఇస్సాకు మొహం చిన్నబోయింది అప్పుడొక్కసారే. తను ఒక్కడే కనిపెట్టి, ఒక్కడే దాచుకున్న కొంటెపని. దాన్ని వందేళ్ళుగా ఒక ఊరు ఊరంతా బహిరంగంగా, టోపీలు పెట్టుకుని మరీ చేస్తోందట.

“మనకంటె ముందే చేసిండ్రా?” అని సత్తయ్యను మెల్లగా అడిగాడు.

హేమచంద్ గారు ఇంకా ఆగలేదు. ఇస్సాకు వైపు చెయ్యి చాచి, “ఈ సంప్రదాయం మీకు ఎవరు చెప్పారు, జాషువా గారూ?” అని అడిగాడు.

“నాకు మిలిట్రీల ఒక గోవా సుబేదార్ చెప్పిండు” అన్నాడు సాక్సోఫోన్ పట్టుకున్న ముసలాయన. పేరు పెట్టి పిలిస్తే పలికినంత మామూలుగా చెప్పాడు. అలవాటుగా పలికాడో కావాలనే పలికాడో ఇప్పటికీ చెప్పడు.

 హేమచంద్ గారి చెయ్యి ఇంకా ఇస్సాకు వైపే ఉంది. ఇస్సాకు శాలువా తీసి మడిచాడు.

“పిలిస్తే పలికిండు గదా సార్. జాషువా ఆయన్నే. నేను ఇస్సాకును. మేడ్చల్ల బ్యాండు. మీ ఫంక్షన్ల గేటు కాడ నిలవడేది మేమే” అని శాలువా జాషువా చేతిలో పెట్టబోయాడు.

“నాకొద్దు తమ్మీ. నేను సావలే” అని జాషువా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

ముందు వరుసలో మల్లేశం పక్కవాడి వైపు వంగి, ఇంతకీ ఇద్దరిలో పోయిందెవరని అడిగాడు. ఆయన గుసగుస కూడా సభలో మాట్లాడినట్టే ఉంటుంది. డ్రమ్ముల అమ్మాయి ఇక ఆపుకోలేక డ్రమ్ముల వెనకాల కూర్చుండిపోయింది. ఆ నవ్వు అంటుకుని హాలంతా పాకింది. నవ్వనిది హేమచంద్ గారొక్కరే. ఆయన వేదిక మెట్టు మీద కూర్చున్నాడు. పాపం, పదిరోజులుగా ఇస్త్రీ చేసి పెట్టుకున్న ఆనందం ఆయనది. నలుగురి ముందు నలిగిపోయింది. ఇస్సాకు వెళ్ళి ఆయన పక్కనే, కొంచెం ఎడంగా కూర్చున్నాడు. శాలువాను ఏం చేయాలో తెలియక, ఏసీ చలికి ముడుచుకున్న ఎలీషమ్మకు అందించాడు. ఆమె కప్పుకుంది.

భోజనాల దగ్గర జాషువా మా టేబుల్ దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. మనవరాలు ఫోన్లో ఆహ్వానపత్రం చూపిస్తే, తన పేరు మీద శాలువా కప్పించుకునే ఘనుడెవడో చూద్దామని బస్సులు మారి వచ్చాడట. ఎందుకు రానన్నారని ఎలీషమ్మ అడిగింది. ఆయన కాసేపు చారు తాగాడు. ఆ క్లబ్బుల్లో తొమ్మిదేళ్ళు వాయించానని, ఆ తొమ్మిదేళ్ళలో తన దగ్గరికొచ్చి మాట్లాడిన శ్రోత ఒక్కడేనని చెప్పాడు.

“గాయనేమన్నడో తెలుసా? జర మెల్లగ వాయించు, మా మాటలు మాకు ఇనిపిస్తలేవు అన్నడు. ఇప్పుడొచ్చి దిగ్గజం అంటే నేనెట్ల నమ్మాలె?”

ఇస్సాకు తన పళ్ళెంలోని బజ్జీ తీసి ఆయన పళ్ళెంలో వేశాడు.

సోమవారం హేమచంద్ గారు మేడ్చల్ వచ్చాడు. కారు మా వీధిలోకి తిరగలేక స్టేషన్ దగ్గర వదిలి, నడిచి వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని ఎలీషమ్మ ముందే కుర్చీ వేసి మంచినీళ్ళు పెట్టింది. ఆయన కూర్చుని, ఆ రోజు ఫోన్లో తీసిన వీడియో రెండుసార్లు చూశానని, ఇస్సాకు చెప్పినవాటిలో ఒక్క అబద్ధమూ దొరకలేదని, అదే తనకు ఎక్కువ కోపం తెప్పిస్తోందని చెప్పాడు. చెబుతూ చెబుతూ తనే నవ్వేశాడు. గుర్రం మాటకే ఆయన ఎక్కువ నవ్వాడు. తర్వాత హఠాత్తుగా గంభీరమై, రెండేళ్ళ క్రితం కొంపల్లిలో తన కూతురి పెళ్ళికి గేటు దగ్గర మీ బ్యాండే కదా, ఆ రోజు ఏం వాయించారని అడిగాడు.

“మీరు భోజనం మంచిగ పెట్టిండ్రు సార్. అన్నీ పెండ్లి పాటలే” అన్నాడు ఇస్సాకు. హేమచంద్ గారు అప్పుడు నీళ్ళు తాగాడు.

హరీష్ రెండు వారాలు కనిపించలేదు. కనిపించాక ఏమీ జరగనట్టే ఇంకో గేటు పని చెప్పాడు. మల్లేశం మాత్రం ఆ కచేరి తన చేతుల మీదుగా జరిగిందని కీసరలో కూడా చెప్పుకుంటున్నాడట.

ఇప్పుడు గురువారం గురువారం జాషువా తన సాక్సోఫోన్ పట్టుకుని యాప్రాల్ నుంచి మా వీధికి వస్తున్నాడు. ఇద్దరూ డాబా మీద కూర్చుంటారు. కూర్చోవడమంటే జాషువా కూర్చుంటాడు, ఇస్సాకు చుట్టూ తిరుగుతాడు. ఇస్సాకుకు స్వరం రాసుకునే లిపి రాదు, అంతా చెవి పాఠమే. ఈ వయసులో నేర్పి తీరుతానని జాషువా పంతం పట్టాడు. గీతల మీద చుక్కలున్న కాగితం ఒకటి స్టాండుకు గుచ్చి, స్కేలుతో ఒక్కొక్కటీ చూపిస్తాడు. ఇవి చీమలు, బెల్లం పెట్టు పోతాయి అంటాడు ఇస్సాకు. తిట్లు మా ఇంటి దాకా వినిపిస్తాయి. మిలిటరీ తిట్లు కొన్ని నాకు కొత్త.

మొన్న క్రిస్మస్‌కు ముందు గురువారం ఎనిమిది వరుసలు పూర్తయ్యాయి. ఎలీషమ్మ నన్ను కూడా పైకి పిలిచింది. ఇస్సాకు కళ్ళజోడు పెట్టుకుని, మొదటిసారి ఒకేచోట నిలబడి, కాగితం మీద ఉన్నది ఉన్నట్టే, ఒక్క చుక్క తప్పకుండా వాయించాడు. జాషువా గడియారం చూసుకున్నట్టు నటించాడు. ఇంకోసారి అన్నాడు. రెండోసారి మూడో వరుస దగ్గర ఇస్సాకు పాదం కదిలింది, తర్వాత రెండోది కదిలింది, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి వచ్చేసరికి పాట ఇంకెక్కడికో వెళ్ళిపోయింది. జాషువా స్టాండు మీంచి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు. సాక్సోఫోన్ మెడకు తగిలించుకుని లేచి నిలబడ్డాడు.